పలువరుస మీద పింగాణి పొర



పెళ్ళిచూపుల్లో పిల్లను ఏమేం అడుగుతారో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఏం చదివావమ్మా అంటారు. పాట వచ్చునా అంటారు. దారిలో ఎండ ఎక్కువగా ఉందా అని కూడా అడుగుతారు. ఆ జవాబులతో అవతలివాళ్ళకు పెద్ద పనేమీ ఉండదు. పిల్ల నోరు విప్పితే పలువరుస కనబడుతుంది, అదీ సంగతి! ఈ కిటుకు మన అమ్మమ్మల నాటి నుంచీ ఉన్నదే. పళ్ళు బాగా లేని పిల్ల ముక్తసరిగా ఒక్క మాట చెప్పి తల వంచుకుంటుంది. నవ్వు వచ్చిందా, పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. "ఎంత సిగ్గో పిల్లకి!" అని చుట్టూ ఉన్నవాళ్ళు మురిసిపోతారు. ఆ చెంగు వెనక ఎంత దిగులు ఉందో కన్నతల్లికే తెలుసు.

ఇవాళ ఆ దిగులుకు మందు ఉందంటూ పట్నాల్లో వీధివీధినా బోర్డులు కనబడుతున్నాయి. సినిమాతారల నవ్వు మీ సొంతం అంటారు. ఎదర కనబడే పళ్ళను కాస్త అరగదీసి, వాటి మీద పింగాణి పొరలు అతికిస్తారు. దీనికి వెనీర్లు అని పేరు. ఆ పేరు మనకు కొత్తదేమీ కాదు. మామూలు చెక్క బల్ల మీద పల్చని టేకు రేకు అతికించి టేకు బల్లలా కనబడేట్టు చేస్తారే, వడ్రంగులు దానినీ వెనీరనే అంటారు. పంటి మీద చేసేదీ ఆ పనే. అయితే బల్లకు ప్రాణం లేదు, పంటికి ఉంది. బల్ల మీది రేకు లేచిపోతే ఇంకో రేకు అతికించి ఊరుకుంటాం. పంటి సంగతి అలా కాదు.

ఇది చేయించాలా, వద్దా అన్నది ఎవరికి వారు తేల్చుకోవలసిన మాట. తేల్చుకునే ముందు ఈ పొర ఎక్కడ పుట్టింది, ఎలా మన దాకా వచ్చింది అనేది తెలుసుకుంటే మంచిది కదా! అందుకని ఈవేళ ఆ కథే ముచ్చటించుకుందాం.

ముందుగా ఒక చిన్న ప్రశ్న. పళ్ళు తెల్లగా ఉంటేనే అందమని ఎవరు చెప్పారు? మన కావ్యాల్లో మల్లెమొగ్గలతోనూ, దానిమ్మ గింజలతోనూ పోల్చారు నిజమే. కాని లోకమంతా అలా అనుకోలేదు. జపాను దేశంలో కొన్ని వందల ఏళ్ళపాటు పెళ్ళయిన స్త్రీలు పళ్ళకు నల్లరంగు వేసుకునేవారు. దీన్ని వాళ్ళు ఒహగురో అన్నారు. ఇనుప ముక్కల్ని పులిసిన ద్రవంలో నానబెట్టి, అందులో మన మాచికాయలాంటి కాయపొడి కలిపి పళ్ళకు పట్టించేవారు. నిగనిగలాడే నల్లని పళ్ళు వాళ్ళకు ముత్తైదు లక్షణం, పెద్దింటి లక్షణం. 1870లో దొరల కుటుంబాలవారు ఈ అలవాటు మానుకోవాలని ప్రభుత్వం ఉత్తరువు చేసింది. 1873లో సాక్షాత్తు మహారాణియే తెల్లని పళ్ళతో నలుగురిలోకి వచ్చింది. అంతటితో వందల ఏళ్ళ ఆచారం క్రమంగా వెనకబడింది. నిన్నటిదాకా అందమైనది ఇవాళ అనాగరికమైపోయింది, చూశారా!

అంత దూరం ఎందుకు? మన ఉత్తరాదిన, ఇటు దక్కను ముస్లిం కుటుంబాల్లోనూ మిస్సి అనే పొడి వాడేవారు. అదీ పళ్ళ సందులకూ చిగుళ్ళకూ నలుపు ఎక్కించేదే. ఆ నలుపు మధ్య పళ్ళ తెలుపు మరింత మెరుస్తుందని వాళ్ళ అభిప్రాయం. కంటికి కాటుక పెట్టినట్టు అనుకోండి.

ఇంకా వెనక్కి వెళదాం. ఇప్పటి ఇటలీ దేశంలో ఎట్రస్కన్లు అనే ప్రాచీన జాతివారు ఉండేవారు. సుమారు 2500 సంవత్సరాల కిందట ఆ జాతిలో ధనవంతులైన స్త్రీలు ముందు పళ్ళకు పల్చని బంగారు పట్టీ చుట్టించుకునేవారు. పోయిన పంటి స్థానంలో వేరొక పన్ను ఆ పట్టీలో బిగించేవారు. తవ్వకాల్లో దొరికిన అలాంటి పట్టీలు ధరించినవారు ఆడవాళ్ళేనని పరిశోధకులు తేల్చారు. అవతల మధ్య అమెరికాలో మాయా జాతివారు ముందు పళ్ళకు సన్నని గుంటలు తొలిచి, వాటిలో పచ్చరాయి పొదిగించుకున్నారు. మనం ముక్కుపుడకలో రాయి పొదిగించుకోమూ? వాళ్ళు పంటిలో పొదిగించుకున్నారు. 13వ శతాబ్దంలో మార్కోపోలో చైనా నైరుతి ప్రాంతంలో తిరిగి, అక్కడి మగవాళ్ళు పళ్ళకు బంగారు రేకు తొడుక్కుంటారని రాశాడు. కాబట్టి పంటికి ముసుగు వేయడం నిన్న మొన్న పుట్టిన సరదా కాదు.

మన దేశంలో మన పెద్దలు పళ్ళను అలంకరించడం కంటే శుభ్రం చేసుకోవడం మీద ఎక్కువ శ్రద్ధ పెట్టారు. సుశ్రుతుడు దంతధావనానికి ఏ పుల్ల మంచిదో రుచిని బట్టి విభజించి చెప్పాడు. చేదు పుల్లల్లో వేప, వగరు పుల్లల్లో చండ్ర, తీపి పుల్లల్లో ఇప్ప, కారపు పుల్లల్లో కానుగ శ్రేష్ఠమన్నాడు. మన పల్లెటూళ్ళలో వేపపుల్ల, కానుగపుల్ల నిన్న మొన్నటిదాకా సాగాయి. అయితే వాటితోపాటు బొగ్గుపొడి, ఇటుకపొడి, ఇసక కూడా సాగాయి. వాటితో గరగరా తోమితే పళ్ళు తళతళలాడేది నిజమే. ఆ తళతళ వెనక పంటి పైపొర అరిగిపోతుందని అప్పుడు ఎవరికీ తట్టలేదు. ఈ పైపొర మాట కాస్త గుర్తుంచుకోండి. మన కథంతా దాని మీదే నడుస్తుంది.

ఇక యూరపు సంగతి. అక్కడి పాత చిత్రాలు చూస్తే రాజులూ రాణులూ పెదవులు బిగించుకుని కూర్చుంటారు. పళ్ళు కనబడేట్టు నవ్వడం తాగుబోతులకూ, పిచ్చివాళ్ళకూ, పామరులకూ తగినదని అప్పటి చిత్రకారుల మర్యాద. దానికి తోడు పంచదార వాడకం పెరిగి గొప్పవాళ్ళ నోళ్ళు పుచ్చిపోయి ఉండేవి. ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ నడివయసుకే పై పళ్ళు పోగొట్టుకున్నాడు. ఇక పెదవి విప్పడం ఎలా?

ఆ మర్యాదను తోసిపుచ్చింది ఒక స్త్రీ. ఆమె పేరు ఎలిజబెత్ విజే లెబ్రాన్. ఫ్రాన్సు రాణి మరీ ఆంత్వానెత్ చిత్రాలు వేసిన గొప్ప చిత్రకారిణి. 1787లో పారిస్ ప్రదర్శనలో ఆమె తన చిత్రం తానే వేసి పెట్టింది. ఒళ్ళో కూతురు, తల్లి మొహాన చిరునవ్వు, ఆ నవ్వులో తెల్లని పళ్ళు! అంతే, నగరంలో గుసగుసలు. పెద్దమనిషి అయిన ఆడది పళ్ళు చూపిస్తూ చిత్రం వేసుకోవడమేమిటని పత్రికల్లో ఆక్షేపణలు. బిడ్డను ఎత్తుకున్న తల్లి నవ్వడం కూడా తప్పయిపోయిందన్నమాట. మన "నవ్వు నాలుగు విధాల చేటు" సామెతకు అక్కడా చుట్టాలున్నారు. ఆ చిత్రం ఇప్పటికీ పారిస్‌లోని లూవ్ర్ ప్రదర్శనశాలలో ఉంది. ఆక్షేపించినవాళ్ళ పేర్లు మాత్రం ఎవరికీ గుర్తులేవు.

ఆమె అలా నవ్వగలగడానికి పారిస్ నగరం కూడా ఒక కారణమే. పియేర్ ఫోషార్ అనే వైద్యుడు 1728లో పంటి వైద్యం మీద రెండు సంపుటాల గ్రంథం ప్రచురించాడు. అంతకుముందు సంతల్లో పళ్ళు పీకేవాళ్ళే పంటి వైద్యులు. పన్ను పీకడం ఆఖరి మాట కావాలి, కాపాడడం మొదటి మాట కావాలి అనే దృష్టి ఆయనతో బలపడింది. ఆధునిక దంతవైద్యానికి ఆద్యుడని ఆయన్నే చెప్పుకుంటారు.

పింగాణి పళ్ళ మాట కూడా అక్కడే మొదలైంది. పారిస్ దగ్గర డ్యూషాతో అనే మందుల తయారీదారు ఉండేవాడు. ఆయనకు దంతంతో చేసిన కట్టుడు పళ్ళుండేవి. మందులు రుచి చూసీ చూసీ ఆ పళ్ళకు దుర్వాసన పట్టుకుంది. మన వంటింట్లో చెక్క గరిటెకు వాసన పడుతుంది గాని పింగాణి జాడీకి పట్టదు కదా! సరిగ్గా ఆ ఆలోచనే ఆయనకూ వచ్చింది. 1774 ప్రాంతాల్లో పింగాణి కార్ఖానాకు వెళ్ళి పళ్ళు చేయించబోయాడు. కుమ్మరి ఆవంలో పచ్చికుండ కాలి చిన్నదైనట్టు పింగాణి కూడా బట్టీలో కుంచించుకుపోయి, చేసిన పళ్ళు నోటికి పట్టలేదు. చివరకు షెమాన్ అనే దంతవైద్యుడి సహాయంతో పని కుదిరింది. తర్వాత 1808లో ఫోంజీ అనే ఇటలీ దేశస్థుడు ఒక్కొక్క పన్నూ విడివిడిగా పింగాణితో చేసే పద్ధతి కనిపెట్టాడు.

పింగాణి పళ్ళు రాకముందు, వచ్చిన కొత్తలో కూడా, ధనవంతుల కట్టుడు పళ్ళకు పళ్ళు ఎక్కడివనుకున్నారు? నీటిగుర్రం దంతం చెక్కేవారు, లేదా మనుషుల పళ్ళే వాడేవారు. బీదవాళ్ళు డబ్బుకు తమ పళ్ళు అమ్ముకునేవారు. 1815లో వాటర్లూ యుద్ధం జరిగాక యుద్ధభూమిలో పడివున్న కుర్ర సిపాయిల పళ్ళు పీకి అమ్మారు. వాటర్లూ పళ్ళు అని వాటికి పేరే పడింది. అమెరికా మొదటి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ 1789లో పదవి స్వీకరించేనాటికి ఆయన నోట్లో సొంత పన్ను ఒక్కటే మిగిలింది. ఆయనవి కర్ర పళ్ళని ఒక కథ ప్రచారంలో ఉంది, అది నిజం కాదు. ఆయన కట్టుడు పళ్ళలో నీటిగుర్రం దంతమూ ఉంది, మనుషుల పళ్ళూ ఉన్నాయి. ఒకరి నవ్వు కోసం మరొకరు నోరు పోగొట్టుకోవలసివచ్చిన రోజులవి. ఆ ఘోరం తప్పించింది పింగాణియే. ఈ కథలో దాని పుణ్యం కూడా మనం ఒప్పుకోవాలి.

ఇక అమెరికా. అక్కడ లూసీ హాబ్స్ అనే ఆవిడ దంతవైద్యం నేర్చుకుంటానంటే ఆడదానివని కళాశాలవారు చేర్చుకోలేదు. ఒక వైద్యుడి దగ్గర పని నేర్చుకుని, సొంతంగా వైద్యం మొదలుపెట్టి పేరు తెచ్చుకుంది. ఆఖరికి అదే కళాశాల ఆమెను చేర్చుకుని 1866లో పట్టా ఇచ్చింది. దంతవైద్యంలో పట్టా పొందిన తొలి మహిళ ఆవిడే. మన దేశంలో మొదటి దంతవైద్య కళాశాలను 1920లో కలకత్తాలో డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ స్థాపించారు. ఆయన అమెరికాలో చదివివచ్చినవారు. మహమ్మదాలీ జిన్నా చెల్లెలు ఫాతిమా జిన్నా కలకత్తాలో ఈ విద్య నేర్చుకుని 1923లో బొంబాయిలో దవాఖానా తెరిచారు. రాజకీయాల మాట అలా ఉంచితే, ఆ రోజుల్లో ఒక ముస్లిం యువతి బోర్డు కట్టి పళ్ళ వైద్యం చేయడం సామాన్యమైన విషయం కాదు.

1880ల దశకంలో డెట్రాయిట్ నగరంలో చార్లెస్ లాండ్ అనే వైద్యుడు దెబ్బతిన్న పంటిని చుట్టూ అరగదీసి, దాని మీద పింగాణి తొడుగు దించే పద్ధతి కనిపెట్టాడు. ఒంటరిగా విమానంలో అట్లాంటిక్ మహాసముద్రం దాటిన లిండ్‌బర్గ్ ఈయన మనవడే. తాతకు పంటి మీద సాహసం, మనవడికి గాలిలో సాహసం! లాండ్ తొడుగు పంటిని అన్ని వైపులా కప్పేది. ముందువైపు మాత్రమే కప్పే పల్చని పొర రావడానికి ఇంకో 40 ఏళ్ళు పట్టింది.

ఆ పొర పుట్టింది సినిమా కోసం. హాలీవుడ్‌లో బొమ్మకు మాట వచ్చే రోజుల్లో తారల మొహాలు తెర మీద మరీ దగ్గరగా చూపించడం మొదలైంది. మొహం పెద్దదైతే పంటిలో లోపం కూడా పెద్దదే కదా! ఆ ప్రాంతంలో చార్లెస్ పింకస్ అనే దంతవైద్యుడు ఉండేవాడు. 1928 ప్రాంతాల్లో ఆయన తారల పళ్ళ మీదికి పల్చని పొరలు తయారుచేశాడు. కట్టుడు పళ్ళకు వాడే జిగురుపొడితో అద్ది అతికించేవాడు. ఆ జిగురు గట్టిది కాదు. వాటితో భోజనం చేయడానికి వీల్లేదు. షూటింగు అయ్యాక తీసి పెట్టెలో పెట్టుకునేవారు. రంగూ, విగ్గూ తీసేసినట్టే పళ్ళూ తీసేసేవారన్నమాట. షిర్లీ టెంపుల్ అనే బాలతార పేరు మీలో చాలామంది వినే ఉంటారు. అందరి పిల్లల్లాగే ఆమెకూ పాలపళ్ళు ఊడాయి. బోసినోటితో కెమెరా ముందుకు వెళ్ళడానికి సినిమా కంపెనీ ఒప్పుకుంటుందా? పింకస్ చేసిచ్చిన పళ్ళు తగిలించుకుని ఆ పిల్ల నవ్వింది. తెర మీద ఆ నవ్వు చూసి లోకమంతా, ఆహా ఏమి పలువరుస అనుకుంది. పెద్దవాళ్ళు ఆ వరసను చూసి తమ పళ్ళను కించపరచుకున్నారు. చూడండి, సాయంత్రానికి పెట్టెలోకి వెళ్ళిపోయే నవ్వు అందరికీ కొలబద్ద అయి కూర్చుంది!

పొర ఉంది సరే, అది నిలబడాలంటే జిగురు కావాలి. ఎప్పుడూ తడిగా ఉండే నోటిలో, నున్నగా ఉండే పంటి మీద ఏం అంటుకుంటుంది? 1955లో రోచెస్టర్ నగరంలో మైకేల్ బొనొకోర్ అనే వైద్యుడు దీనికి ఒక ఉపాయం ప్రకటించాడు. లోహాలకు రంగు బాగా పట్టడానికి కార్ఖానాల్లో ముందు ఫాస్ఫారిక్ ఆమ్లం పూస్తారు. అదే ఆమ్లాన్ని ఆయన పంటి పైపొర మీద 30 సెకండ్లు ఉంచి కడిగి చూశాడు. కంటికి కనబడని సన్నని గంట్లు పడి, పైన వేసిన పదార్థం గట్టిగా పట్టుకుంది. పాత గోడకు కొత్తగా సిమెంటు పూసే ముందు తాపీమేస్త్రీ ఉలితో గంట్లు పెట్టడం మీరు చూసే ఉంటారు. రహస్యం అంతే. 1962లో రాఫెల్ బోవెన్ అనే ఆయన పంటికి తగిన గట్టి రెజినుకు పేటెంటు పొందాడు. ఇక 1980ల మొదట్లో న్యూయార్కులో జాన్ కలామియా, ఆయన సహచరుడు సైమన్సన్ పింగాణి పొర లోపలి వైపు కూడా మరొక ఆమ్లంతో గరుకు చేసి చూపించారు. పంటివైపూ గంట్లే, పొరవైపూ గంట్లే. మధ్యన రెజిను. ఆ రోజుతో సినిమావాళ్ళ పెట్టెలో ఉండే నవ్వు మామూలు మనుషుల నోట్లో స్థిరపడింది.

ఇంతవరకూ విన్నాక, ఇది డబ్బున్నవాళ్ళ సరదా, మనకెందుకు అనిపించవచ్చు. కాని ఈ పొరకు మన నేలతో దగ్గర సంబంధం ఉంది. అది నీళ్ళ సంబంధం.

1901లో ఫ్రెడరిక్ మెకే అనే కుర్ర వైద్యుడు అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్ అనే ఊళ్ళో వైద్యం పెట్టాడు. ఆ ఊరివాళ్ళ పళ్ళ మీద ముదురు గోధుమరంగు మచ్చలు చూసి ఆశ్చర్యపోయాడు. ఎంత తోమినా పోవు. మచ్చలున్న పళ్ళు పుచ్చడం మాత్రం తక్కువ. కారణం కోసం ఆయన ఏకంగా 30 ఏళ్ళు వెతికాడు. తాగే నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ ఉండడమే కారణమని 1931లో చర్చిల్ అనే రసాయనవేత్త తేల్చాడు. ఆరేళ్ళు తిరక్కుండానే, 1937లో మన నెల్లూరు జిల్లా పేరు ఇదే జబ్బు విషయమై వైద్యపత్రికల కెక్కింది. దున్నే ఎద్దులు కీళ్ళు పట్టేసి నడవలేకపోతున్నాయని రైతులు అంతకుముందే గమనించారు. తర్వాత నల్లగొండ జిల్లా పేరు దేశమంతటా మోగింది. అక్కడ పళ్ళతో ఆగలేదు. ఎముకలు వంగి, నడుములు బిగిసి, మనుషులే గూనివాళ్ళయ్యారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి నీళ్ళలో ఫ్లోరైడు తగ్గించే ఒక పద్ధతిని నాగపూరులోని జాతీయ పరిశోధనాసంస్థ 1970ల దశకంలో రూపొందించింది. దాని పేరే నల్లగొండ పద్ధతి. ఊరి పేరు శాస్త్రగ్రంథాల కెక్కడం గొప్పే గాని, ఎందుకు ఎక్కిందో తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. తెలంగాణలో 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ ఉద్దేశాల్లో ఈ ఊళ్ళకు నదీజలాలు అందించడం ఒకటి.

ఫ్లోరైడు మచ్చ గురించి తల్లులు తెలుసుకోవలసిన ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఈ మచ్చ పైనుంచి పట్టేది కాదు. పన్ను చిగురు లోపల తయారయ్యే వయసులో, అంటే పుట్టింది మొదలు సుమారు 8 ఏళ్ళ లోపల తాగిన నీళ్ళ వల్ల లోపలి నుంచే పడేది. అందుకే ఏ పొడితో తోమినా పోదు. "సరిగా తోముకోవు, బద్ధకం" అని ఆ పిల్లను కసురుకోవడం ఎంత అన్యాయమో చూడండి! పసితనంలో టెట్రాసైక్లిన్ అనే మందు వాడినా, గర్భిణి వాడినా బిడ్డ పళ్ళకు ఇలాంటి మచ్చే పడుతుంది. డాక్టరు రాయనిదే మందులు కొని వేయకూడదనడానికి ఇదొక కారణం.

ఇలాంటి పిల్లలకు పింగాణి పొర సరదా వస్తువు కాదు. చెంగు అడ్డం పెట్టుకోకుండా నలుగురిలో మాట్లాడగలగడం, ఉద్యోగానికి వెళ్ళినచోట తల ఎత్తి జవాబు చెప్పగలగడం చిన్న విషయమా? పన్ను విరిగినవాళ్ళకూ, ముందు పళ్ళ మధ్య బాగా సందున్నవాళ్ళకూ ఇది మేలే చేస్తుంది.

అయితే ధర ఒక్క రూపాయల్లోనే లేదు. ఇందాక పైపొర మాట గుర్తుంచుకోమన్నాను. పంటి మీద ఎనామిల్ అనే పొర మన శరీరం మొత్తంలో అన్నిటికంటే గట్టి పదార్థం. ఎముక విరిగితే అతుకుతుంది, చర్మం తెగితే మానుతుంది, గోరు కత్తిరిస్తే పెరుగుతుంది. ఎనామిల్ మాత్రం అరిగితే మళ్ళీ రాదు. దాన్ని తయారుచేసే కణాలు పన్ను బయటికి వచ్చేసరికే పోతాయి. పొర అతికించడానికి సాధారణంగా అర మిల్లీమీటరు అటూ ఇటూ, అంటే గోరంత మందం అరగదీస్తారు. గోరంతే కదా అనుకోవద్దు. ముందు పంటి మీద ఉన్నదే ఇంచుమించు ఒక మిల్లీమీటరు. ఒకసారి అరగదీశాక ఆ పంటికి జీవితాంతం ఏదో ఒక కప్పు కావలసిందే. పొరలు తరచు పది, పదిహేనేళ్ళు మన్నుతాయి. కొందరికి ఇంకా ఎక్కువ, కొందరికి తక్కువ. పాతికేళ్ళ పిల్ల వేయించుకుంటే జీవితంలో రెండు మూడుసార్లు మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోవలసి ఉంటుంది. పెళ్ళి ఒక్కరోజు, పన్ను అరవై ఏళ్ళు. ఈ లెక్క తల్లిదండ్రులు వేసుకోవాలి.

అందుచేత వెళ్ళినచోట కొన్ని ప్రశ్నలు మొహమాటం లేకుండా అడగండి. వేసేది ముందువైపు పొరా, లేక చుట్టూ అరగదీసి దించే తొడుగా? పొర పేరు చెప్పి ఆరోగ్యమైన పంటిని మొలకలా చెక్కి తొడుగు వేసేవాళ్ళూ లేకపోలేదు. రెండింటికీ చాలా తేడా ఉంది. ఎంత అరగదీస్తారు? ఎన్ని పళ్ళకు? రెండు పళ్ళకు మచ్చ ఉంటే పదింటికి ఎందుకు? అరగదీయకుండా పని జరిగే దారి లేదా? వంకర పళ్ళకు తీగ కట్టించుకోవచ్చు. కాస్త ఆలస్యమైనా సొంత పళ్ళే దారికి వస్తాయి. తేలిక మచ్చలకు బ్లీచింగు ఉంది, పైపైన సానపట్టే పద్ధతి ఉంది. చిన్న సందుకు, చిన్న ముక్క విరిగినదానికి పంటిరంగు రెజిను అద్దితే సరిపోవచ్చు. చిగుళ్ళ జబ్బు, పుప్పి ఉంటే ముందు వాటికి వైద్యం జరగాలి. పునాది కారుతుంటే గోడకు సున్నం కొట్టడమేమిటి? నిద్రలో పళ్ళు నూరే అలవాటున్నవాళ్ళకు పొరలు పగులుతాయి, ఆ మాట దాచకుండా చెప్పాలి. పొరలు వేయించుకున్నవాళ్ళు వక్కలు కొరకడం, చెరుకు గడ ముందు పళ్ళతో చీల్చడం మానుకోవాలి. ఇంకా ఎదిగే వయసు పిల్లలకు ఈ పని తొందరపడి చేయించకూడదు. అన్నిటికీ ముందు, మన దేశంలో 1948లో దంతవైద్యుల చట్టం వచ్చింది. చట్టప్రకారం నమోదైన వైద్యులేనా అని కనుక్కోవడం మన హక్కు.

వీటన్నిటికంటే చవకైన జాగ్రత్త ఒకటుంది. మీరు బోరునీళ్ళు తాగే ఇంట్లో ఉంటే, ఇంట్లో పసిపిల్లలుంటే, ఆ నీళ్ళు పరీక్ష చేయించండి. మన ప్రమాణాల ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము లోపు ఉండడం మంచిది, 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. పంటిని తర్వాత కప్పడానికి వేలకు వేలు కావాలి. ముందుగా కాపాడడానికి ఒక సీసాడు నీళ్ళు పట్టుకెళ్ళి పరీక్షకు ఇస్తే చాలు.

జపాను మహారాణి తెల్లని పళ్ళతో బయటికి వచ్చిన నాడు ఎంతమంది ముసలమ్మలు తమ నల్లని పళ్ళను చూసుకుని చిన్నబుచ్చుకున్నారో! అందం కొలతలు అలా మారుతూనే ఉంటాయి. మీ అమ్మాయి అద్దం ముందు నిలబడి తన పళ్ళ గురించి అడిగితే, "ఏం ఫరవాలేదు పోవే" అని తోసెయ్యకండి. "పదిమందికీ ఉంది, నీకూ చేయిద్దాం" అని కుర్చీ ఎక్కించనూ వద్దు. పక్కన కూర్చోబెట్టుకుని ఈ కథ చెప్పండి. లాభమెంతో, పోయి తిరిగి రానిదేమిటో రెండూ తెలిసిన పిల్ల తనకు ఏం కావాలో తనే చెప్పగలదు. ఆమె చెప్పేటప్పుడు మాత్రం పళ్ళవైపు కాదు, మాటవైపు చూడండి.